పైకి లేచిన గాలి ఎక్కడ ఆగుతుంది

రిటైర్మెంట్ అనే మాట నా వయసుకు నప్పదు. జుట్టు నెరవలేదు. పెన్షన్ లేదు. శాలువా కప్పి సాగనంపినవాళ్ళూ లేరు. అయినా ఒక పనిలో కొన్నేళ్ళు ఉండి, ఇక అందులోకి తిరిగి వెళ్ళేది లేదని తేలిపోయిన మనిషిని. ఆ పనిలోకి కొత్తగా అడుగుపెట్టే పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు తక్కువ. లోపల ఉన్నవాళ్ళకు చెప్పే తీరిక ఉండదు, బయటికి వచ్చినవాళ్ళకు చెప్పాలనిపించదు. నాకూ అనిపించలేదు, పోయిన వానాకాలం దాకా. పాప నిద్రపోయాక దొరికే వ్యవధిలో రాస్తున్నాను. మధ్యలో లేచి దాని ఊపిరి చూసి వస్తుంటాను. అందుకని అక్కడక్కడా తెగినట్టుంటే సర్దుకోండి.

నేను చేసిన పని గెలాక్సీలలోంచి గ్యాస్ బయటికి ఎలా పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం. అందులోనూ కాస్మిక్ కిరణాలు ఆ గ్యాస్‌ను ఎంతవరకు తోస్తాయన్నది నా వంతు.

కల్హేర్ మేస్త్రీ అడిగింది

ఒక మధ్యాహ్నం నారాయణఖేడ్‌లో మా ఇంటికి దేవదానం అనే తాపీమేస్త్రీ వచ్చాడు. ఊరు కల్హేర్. వెంట కూతురు సుజాత. ఆ అమ్మాయికి ఇంటర్‌లో లెక్కలు చెప్పింది మా ఆయనే. ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన పిలిస్తే కాలేజీకి వెళ్ళి నా పని గురించి మాట్లాడాను. విన్నవాళ్ళందరూ మరిచిపోయారు, సుజాత తప్ప. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి, దూరాన వేరే రాష్ట్రంలో నేను పనిచేసిన సంస్థకే పరీక్ష రాసింది.

"సార్ లేడా?" అన్నాడు దేవదానం, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

"కాలేజీకి పోయిండు. కూసో."

"సార్‌తోని ఏం పన్లేదు. నీతోనే పని." కుర్చీ ఉన్నా అరుగు మీద కూర్చున్నాడు. "గీమె నా పానం దీస్తుంది మేడం. గురుకులంల పంతులమ్మ నౌకరి వచ్చింది. సోమవారం జేరాలె. పర్మినెంటు. ఇంటికాడికి దగ్గెర. గదిడ్సిపెట్టి నువ్వు జేసిన పనికి పోతనంటది. గా సుక్కల పనికి. అది ఇంక పక్కా గూడ గాలేదట. వారంల జెప్తరట."

"బాపూ, సుక్కలు గాదు. గ్యాస్," అంది సుజాత.

"ఏదో ఒగటి. నాకేం సమజైతది?"

లోపల బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ చాట ఆపి ఇటు తిరిగింది. "గాలి లెక్కవెట్టే పని మేస్త్రీ. మా కోడలు గదే జేసింది. గంత లెక్కవెట్టింది గని, నీళ్ళ ట్యాంకు నిండితె మోటర్ బందు జెయ్యాలన్న సంగతి యాదికుండది."

సుజాత నవ్వు ఆపుకుంది. దేవదానం నవ్వలేదు. "సూడు మేడం. నువ్వు పొమ్మంటె పంపుత. వద్దంటె బడికే పోతది. మావోళ్ళల్ల గీ పని జేసినోళ్ళు ఎవ్వరు లేరు అడుగుదామంటె. ఆదివారం చర్చి అయినంక వస్త. సక్కగ చెప్పు."

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ వారంలో పక్కా కావలసింది నా మాట మీదే ఆగి ఉంది. నా పాత గైడ్ ఎండాకాలంలో ఫోన్ చేశారు. నేను సగంలో వదిలేసిన పనిని ముగించడానికి ఒక్కరికే చోటుంది. "నువ్వొస్తే నీది. నీ తర్వాత వరసలో ఉన్నది మీ ఊరి వైపు అమ్మాయే" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. దేవదానం మా అరుగు మీద కూర్చున్న రోజుకు కూడా నేనింకా చెప్పలేదు. ఆ పిల్లను పొమ్మంటే నేను వెళ్ళనట్టు. వద్దంటే ఆ చోటు నాకు మిగులుతుంది. నా నోటితో నేను ఏది చెప్పినా అది నిజాయితీగా చెప్పిందని నాకే నమ్మకం లేదు.

సుజాత ఇది చదువుతుంది. చదవనీ.

అసలు పని ఏమిటి

మా అత్తమ్మ అన్నది పూర్తిగా తప్పేం కాదు. గాలి లెక్కబెట్టే పనే.

గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపని బడిలో చదువుకుంటాం. ఆ నక్షత్రాల నడుమ గ్యాస్ ఉంటుంది. కొత్త నక్షత్రాలు పుట్టేది దానినుంచే. ఉన్న గ్యాస్‌కి, గడిచిన కాలానికి లెక్కవేస్తే ఇప్పటికి ఇంకా ఎన్నో నక్షత్రాలు పుట్టి ఉండాలి. పుట్టలేదు. దూరపు గెలాక్సీల వైపు చూస్తే వాటిలోంచి గ్యాస్ పైకీ కిందికీ ఎగిసిపోతూ కనిపిస్తుంది. దాన్నే మేం గాలి అంటాం. అంటే పుట్టవలసిన నక్షత్రాల ముడిసరుకు బయటికి పోతోంది. దాన్ని తోసేది ఏమిటన్నదే ప్రశ్న.

పెద్ద నక్షత్రం చనిపోయేటప్పుడు పేలుతుంది. పేలుడుకు చుట్టూ ఉన్న గ్యాస్ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడే తోస్తుందనేది పాత జవాబు. కానీ గ్యాస్ దట్టంగా ఉన్నచోట ఆ వేడి గడ్డిమంట లాంటిది. భగ్గుమని వెలుగై పోయి చల్లారుతుంది. పేలుడు శక్తిలో ఇంచుమించు పదోవంతు మాత్రం ఇంకో రూపంలో మిగులుతుంది. పేలుడు అలల అంచున ప్రోటాన్లు అటూ ఇటూ దెబ్బలు తింటూ వేగం పెంచుకొని దాదాపు కాంతితో సమానంగా పరిగెడతాయి. వాటినే కాస్మిక్ కిరణాలంటారు. పేరుకు కిరణాలు, నిజానికి కణాలు. ఇవి పిడకల నిప్పు. తొందరగా ఆరవు. పేలుడు జరిగిన చోటినుంచి చాలా దూరం వెళ్ళాక కూడా వాటిలో తోసే శక్తి ఉంటుంది.

అవి గ్యాస్‌ను ఎలా తోస్తాయో చెప్పమంటే నేను బోరంచ నల్లపోచమ్మ జాతర గురించి చెప్పేదాన్ని. జనం కదలకుండా ఒకేచోట నిలబడిపోతే ఉబ్బరం తప్ప ఏమీ ఉండదు. దారి పూర్తిగా తెరిచి ఉంటే ఎవరినీ తాకకుండా అందరూ వెళ్ళిపోతారు. కానీ ఇరుకు దారిలో ఒకరినొకరు ఒరుసుకుంటూ మెల్లగా బయటికి వస్తుంటే, పక్కనున్న కర్రల కంచె, దుకాణాల డేరాలు కూడా వాళ్ళతోపాటు జరుగుతాయి. కాస్మిక్ కిరణాలూ అంతే. అవి అయస్కాంత రేఖలను పట్టుకొని, ఆ రేఖల్లోని ముడతలకు తగిలి దారి మార్చుకుంటూ నెమ్మదిగా గెలాక్సీ బయటికి జారుతాయి. గ్యాస్ కూడా ఆ రేఖలకే అంటి ఉంటుంది. లోపల ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడా గ్యాస్‌ను పైకెత్తుతుంది. వేడి తోసిన గాలి కంటే ఇది చల్లగా, దట్టంగా, నిదానంగా ఉంటుంది.

ఆ జారడం ఎంత వేగంగా అన్నది ఎవరికీ ఖాయంగా తెలియదు. మా లెక్కలన్నిటిలో అదొక కుళాయి మర లాంటిది. కొంచెం తిప్పితే గాలి వస్తుంది, ఇంకొంచెం తిప్పితే మాయమవుతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మొదట తెలుసుకోవలసింది ఇదే. మీ చేతిలో ఒక మర ఉంటుంది. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా దాన్ని తిప్పే వీలు మీకుంటుంది. మీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా తిప్పుతూనే ఉంటారు.

సెబాస్టియన్ సర్

మా గైడ్ సెబాస్టియన్ సర్. కేరళ మనిషి. తక్కువ మాట్లాడతారు. మేం అక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చేరిన కొత్తలో నేను కంప్యూటర్ లెక్కలోంచి తీసి తెచ్చిన మొదటి బొమ్మ చూసి, "బాగుంది. ఏం మార్చావు?" అన్నారు. నాలుగు మార్చానని గొప్పగా చెప్పాను. ఆయన బొమ్మను నా వైపు తిప్పారు. "అయితే ఇది దేనివల్ల వచ్చింది?" నేను ఏదో చెప్పబోయాను. "నీకు తెలియదు. నాకూ తెలియదు. వెళ్ళి ఒక్కటే మార్చుకొని రా."

ఆయన నేర్పింది మొత్తం ఆ ఒక్క ముక్కే. ఒకసారికి ఒక్కటే మార్చు. వినడానికి సులువు. ఒక్కొక్క మార్పుకూ కంప్యూటర్ వారాల తరబడి నడుస్తున్నప్పుడు, అవతలి దేశంలో ఎవరో అదే పని ముగించేస్తున్నారని తెలిసినప్పుడు, ఆ ముక్కకు కట్టుబడడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన గురించి చెడు కూడా చెప్పాలి. బొమ్మలో ఒక మూల రంగు తేడాగా ఉంటే క్షణంలో పట్టుకునే మనిషికి, ఎదురుగా కూర్చున్న విద్యార్థి ముఖం కనిపించేది కాదు. నేను కడుపుతో ఉన్న సంగతి ఆయన గుర్తించేసరికి ఏడో నెల. కోపంతో కాదు, నిర్లక్ష్యంతోనూ కాదు. ఆయన చూపు అటు పడదంతే. "చెప్పాలి కదా," అన్నారు. కనిపిస్తుంది కదా సర్ అనాలనిపించింది. అనలేదు. మంచి గైడ్ అంటే మంచి మనిషి అని అనుకొని వెళ్ళకండి. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మీకు నలతగా ఉందని ఆయనకు చెప్పాల్సింది మీరే.

నందిత గాలి

మా గుంపులో ఒక అలవాటుండేది. బహుశా ఈ పని చేసే ప్రతి గుంపులోనూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కంప్యూటర్‌లో తమ గెలాక్సీని మొదటినుంచి కట్టుకోరు. పాతవాళ్ళ గెలాక్సీని కాపీ చేసుకొని, తమకు కావలసింది అందులో మార్చుకుంటారు. నేను తీసుకున్నది నందితది. ఆమె నాకు సీనియర్, కలకత్తా అమ్మాయి. నందిత తీసుకున్నది అంతకుముందు వెళ్ళిపోయిన ఇంకెవరిదో. ఒకరి ఇంట్లో ఇంకొకరు కాపురం పెట్టినట్టు ఉండేది.

ఆ గెలాక్సీ పళ్ళెంలా ఉంటుంది. పళ్ళానికి పైనా కిందా ఉన్న విశాలమైన చోట దాదాపు ఏమీ పెట్టలేదు. నిజమైన గెలాక్సీ చుట్టూ పలచటి వేడి గ్యాస్ చాలా దూరం పరుచుకొని ఉంటుంది. అది పెడితే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. కాబట్టి మొదట కట్టినవాళ్ళెవరో తర్వాత నింపుదామని ఖాళీగా వదిలారు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఖాళీ మా అందరికీ సంక్రమించింది. ఎవరూ దాన్ని ఖాళీ అనుకోలేదు. గెలాక్సీ అంటే అలాగే ఉంటుందనుకున్నాం.

నందిత లెక్కల్లో కాస్మిక్ కిరణాలు అద్భుతమైన గాలిని లేపాయి. గ్యాస్ నిటారుగా పైకి లేచి, మా లెక్క జరిగే ఊహాపెట్టె పైకప్పు దాటి పోయేది. ఆ బొమ్మను చూడడానికి వేరే ఊళ్ళనుంచి పిలిచారు ఆమెను. పర్మినెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా వచ్చింది. ముప్పై దాటి, ఊరూరా తిరిగి తాత్కాలిక ఉద్యోగాలు చేసిన మనిషికి అదెంతో చెప్పనక్కర్లేదు.

ఒకరోజు క్యాంటీన్‌లో ఆమె ఆ వీడియో చూపిస్తుంటే ఊరికే అడిగాను. "నందితా, ఇది ఎక్కడా నెమ్మదించదేం?"

"ఎందుకు నెమ్మదిస్తుంది? ఆపడానికి అక్కడేం ఉం..."

మాట పూర్తి కాలేదు. చెంచా పళ్ళెంలో పెట్టేసింది. ఇద్దరం కాసేపు ఫోన్ తెరనే చూశాం. గ్యాస్ పైకి పోతూనే ఉంది, ఎదురేమీ లేని చోట ఎంతదూరమైనా పోయేలా.

సెబాస్టియన్ సర్ దగ్గరికి వెళితే ఆయన ఒక్కమాట కూడా తిట్టలేదు. అది ఆయన తప్పు కూడా అని ఆయనకు తెలుసు. "పైన గ్యాస్ నింపండి. ఇంకేమీ మార్చొద్దు. గాలి పోతుందో ఆగుతుందో చూద్దాం." ఆ పని నాకిచ్చారు, నందిత ఇంటర్వ్యూకి చదువుకోవాలి కాబట్టి. లెక్క మొదలైంది కానీ అది నెలలు పట్టే లెక్క. ఇంటర్వ్యూ అంతకంటే ముందు వచ్చింది.

నందిత తిరిగొచ్చి, అక్కడ ఉన్నదున్నట్టు చెప్పేశానంటే అడిగాను. "చెప్పకుండా ఉండొచ్చు కదా. ఇంకా ఏదీ తేలలేదు కదా."

"అడిగారు."

"ఏమని?"

"ఈ గాలి చివరికి ఏమవుతుందని. తెలియదన్నాను." కుర్చీలో వెనక్కి వాలింది. "పోయిన నెల అడిగుంటే తెలుసు అని చెప్పేదాన్ని."

ఉద్యోగం రాలేదు. ఆమె ఇప్పుడొక కంపెనీలో ఏ ఊళ్ళో ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో అంచనా వేసే పని చేస్తోంది. బాగానే ఉన్నానంటుంది. గెలాక్సీల మాట ఎత్తితే వాతావరణం గురించి అడుగుతుంది.

పిల్లలకు దీనినుంచి ఏం చెప్పను? నిజం చెప్పినందుకు మంచి జరుగుతుందని చెప్పలేను. జరగలేదు. చెప్పకుండా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ఉండొచ్చు, హాయిగా కూడా ఉండొచ్చు. కానీ నందిత ఆ రోజు తెలుసని చెప్పి ఉంటే, నేను ఆమె గెలాక్సీలో ఇంకొక్కరోజు కూడా పని చెయ్యలేకపోయేదాన్ని. అంతవరకే నాకు తెలిసింది. ఇంకొకటి. మీకు ఎవరైనా తయారుగా ఉన్న గెలాక్సీ ఇస్తే, అందులో ఉన్నవి చూడడానికి ముందు లేనివి ఏమిటో అడగండి.

నేను వచ్చేసిన చోటు

పైన గ్యాస్ నింపాక మొదట్లో గాలి అలాగే లేచింది. తర్వాత నెమ్మదించింది. ఎంత నెమ్మదిస్తుంది, ఆగుతుందా, చీల్చుకొని పోతుందా అన్నది తేలడానికి ఇంకా సగం లెక్క మిగిలుండగా, సెలవు మీద ఇంటికొచ్చిన నాకు నెలలు నిండకుండానే కాన్పైంది.

పాప చాలా రోజులు హైదరాబాద్ దవాఖానలో గాజుపెట్టెలో ఉంది. ఊపిరితిత్తులు ఎదగలేదన్నారు. అద్దం ఇవతల నిలబడి దాని ఛాతీ లేచి దిగడం చూసేదాన్ని. ఒకసారి దిగి, మళ్ళీ లేవడానికి ఆలస్యం చేసేది. ఆ ఆలస్యంలోనే నా పని, నా చదువు అన్నీ పోయాయి. ఎవరూ మానెయ్యమనలేదు. సర్ రెండుసార్లు గడువు పెంచారు. లెక్కను ఇంకొకరికి అప్పగిస్తే మధ్యలో పాడవుతుందని అలాగే ఆపి ఉంచారు. నేనే తిరిగి వెళ్ళలేదు.

ఇప్పుడు పాప బాగుంది. పరుగెడుతుంది, అరుస్తుంది, అత్తమ్మ చాటలో బియ్యం చిమ్ముతుంది. డాక్టర్ ఇక రానక్కర్లేదన్నాడు. నేను నమ్మలేదు.

సుజాతకు జవాబు చెప్పాల్సిన ఆ వారంలో అత్తమ్మే అంది. "పోదల్సుకుంటె పో. పిల్లను నేను సూసుకుంట. మీ ఆయనను గూడ నేనే సాకిన, ఏం తక్వైండు?"

నిజంగానే అంది. అడ్డం ఎవరూ లేరు. కథల్లో కోడళ్ళకు ఉండే అత్త కూడా నాకు లేదు. సరే, చూద్దామనుకున్నాను. శనివారం మనూర్‌లో మా ఆయన తోటి లెక్చరర్ చెల్లెలి పెళ్ళి. మా ఆయన ముందే వెళ్ళాడు. పాపను అత్తమ్మ దగ్గర వదిలి ఒక్కదాన్నే షేర్ ఆటో ఎక్కాను. సగం దారి పోయేసరికి దాని ఛాతీ దిగి, మళ్ళీ లేవనట్టు అనిపించింది. ఫోన్ చేశాను. అత్తమ్మ ఎత్తలేదు. ఆటో ఆపించి, పత్తిచేల మధ్య దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి వెనక్కి వచ్చేశాను.

అత్తమ్మ గుమ్మంలోనే కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతోంది. పాప పక్కనే బోర్లా పడుకొని నిద్రపోతోంది.

"ఏంది, బువ్వ దినకుండనే వచ్చినవా?"

"ఫోన్ ఎందుకెత్తలే అత్తమ్మా?"

"మోగితె పిల్ల లేస్తదని దిండు కింద వెట్టిన." నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమైంది పిల్లా? నేనేమన్న మింగుతనా దాన్ని?"

మనూర్ దాకా వెళ్ళలేని మనిషి అంతదూరం వెళ్ళి గెలాక్సీ గురించి ఏం ఆలోచిస్తుంది? ఆ సాయంత్రమే సెబాస్టియన్ సర్‌కు రాను అని రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చారు. సరే అని. ఇంకేమీ లేదు. ఆయన్నుంచి ఇంకేదైనా వస్తుందని ఎందుకనుకున్నానో.

ఆదివారం

చెప్పినట్టే దేవదానం కూతురితో వచ్చాడు. తెల్లచొక్కా, దువ్విన జుట్టు. టీ ఇచ్చి, ఉన్నదంతా చెప్పాను. అయిదారేళ్ళు పడుతుంది. ఆ తర్వాత కూడా పక్కా ఉద్యోగం ఉండదు, రెండేళ్ళొక చోట, మూడేళ్ళొక చోట. ఏళ్ళ తరబడి చేసింది ఒక్క మధ్యాహ్నంలో తప్పని తేలొచ్చు. ఏం చేస్తున్నావని ఊళ్ళో అడిగితే చెప్పినా అర్థం కాదు. ఇంటికి ఆపతి వస్తే రావడానికి రెండు రోజులు పడుతుంది.

"అయితె వద్దంటవు," అన్నాడు.

"లేదు. పంపు."

"గిన్ని జెప్పి పంపు అంటవేంది?"

"పిల్లకు దిమాగ్ ఉన్నది. కోరిక ఉన్నది. చోటు గూడ ఖాళైంది, నిన్ననే. పక్కా అయితది."

ఎలా ఖాళీ అయిందని ఆయన అడగలేదు. గ్లాసు కింద పెట్టి అంతకంటే గట్టిది అడిగాడు. "నీ బిడ్డనైతె పంపుతవా?"

వసారాలో పాప అత్తమ్మ కొంగు పట్టుకొని లాగుతోంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పంపను."

సుజాత ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. దేవదానం నా వైపే చూస్తున్నాడు.

"నేను నిన్న మనూర్ పెండ్లికే పోలేకపోయిన. సగం దారిల నుంచి మర్రొచ్చిన. నాకు భయం. పిల్లకు ఏం కాలేదు, ఏం కాదు, నాకు ఎరుకే. అయిన భయం. గీ భయం నాది. నన్ను జూసి నీ బిడ్డను ఆపకు."

వసారాలోంచి అత్తమ్మ, "నిజమే మేస్త్రీ, నడుమల దిగొచ్చింది," అంది. ఎగతాళిగా కాదు, సాక్ష్యం చెప్పినట్టు.

అప్పుడు సుజాత అడిగింది. ఉద్యోగం గురించి కాదు, హాస్టల్ గురించి కాదు. "అక్కా, మీరు ఆపిన లెక్కల గాలి పోయిందా, ఆగిందా?"

"తెల్వదు. సగమే అయింది."

"గిన్నొద్దులు గది తెల్వకుండ ఎట్ల ఉన్నరక్కా?"

"ఏయ్," అన్నాడు దేవదానం. "పెద్దామెతోని గట్లనేనా మాట్లాడేది?"

"ఊకెనే అడిగిన బాపూ."

ఊరికేనే అడిగింది. ఆ పిల్లకు నిజంగా అర్థం కాలేదు, ఒక మనిషి అది తెలియకుండా ఎలా అన్నం తిని పడుకోగలదో. నేను పాపను ఎత్తుకునే సాకుతో లేచి వసారాలోకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి దేవదానం లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. "గీమె పంతులమ్మైతె పిల్లల పానం దీస్తది. పోనియ్యి. గాడనే ఎవరి పానమన్న దియ్యని." గేటు దాకా వెళ్ళి ఆగాడు. "మేడం, నువ్వు పంపను అన్నవు సూడు. గదొక్కటి పరేషాన్ జేస్తుంది నన్ను." జవాబు కోసం ఆగకుండా బండి స్టార్ట్ చేశాడు.

చూశాం

సుజాత చేరింది. మొదట్లో రోజూ ఫోన్ చేసేది. ఫలానా ఫైల్ ఎక్కడుంది, ఈ గుర్తుకు అర్థమేంటి, సర్ ఏమీ మాట్లాడట్లేదు కోపమా అని. కోపం కాదు, అలాగే ఉంటారు, జ్వరమొస్తే నోరు తెరిచి చెప్పు అన్నాను. నేను ఆపిన చోటునుంచి లెక్కను మళ్ళీ కదిలించింది. తర్వాత ఫోన్లు తగ్గాయి. తగ్గడం మంచిదే, పని పట్టుబడిందన్నమాట.

మొన్న మధ్యాహ్నం మళ్ళీ చేసింది. గొంతులో దిగులు.

"అక్కా, ఆగింది. చానా పైకి పోయింది గని ఆగింది. ఇగ మొత్తం కిందికి వడుతుంది. వీడియో పంపిన, చూడుండ్రి."

పెద్ద గెలాక్సీలో అలా జరగొచ్చని నాకు ఎప్పటినుంచో అనుమానమే. పైనున్న గ్యాస్ బరువు తక్కువేం కాదు. చిన్న గెలాక్సీ అయితే పోయేదేమో, అది వేరే లెక్క. నందిత గాలి అంత ఎత్తుకు లేచింది అక్కడ ఏమీ లేకపోవడం వల్లే. ఆ సంగతి నందితకు చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

పాపను ఒళ్ళో పెట్టుకొని వీడియో చూశాను. నీలం పొగలాంటి గ్యాస్ పళ్ళెం మీదనుంచి లేచింది, గొడుగులా విచ్చుకుంది, నెమ్మదించింది, ఆగింది. తర్వాత పాయలు పాయలుగా దిగడం మొదలుపెట్టింది. పడుతున్నప్పుడు పాప చప్పట్లు కొట్టి నవ్వింది. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. లేచేటప్పుడు ఊరుకుంది, పడేటప్పుడు నవ్వింది. మళ్ళీ పెట్టమంది.

అలా పెడుతుండగా ఎడమ అంచున ఏదో కనిపించింది. అంతా పడిపోతుంటే ఒక సన్నటి పాయ పడటం లేదు. పైకే పోతోంది. పైనున్న గ్యాస్‌లో ఎక్కడో పలచటి సందు దొరికి ఉండాలి, లేదా అక్కడ అయస్కాంత రేఖలు తెరుచుకొని ఉండాలి. వీడియో ఆపాను, వెనక్కి తిప్పాను, పెద్దది చేసి చూశాను. అబద్ధం కాదు. నా గుండె గట్టిగా కొట్టుకుంది. చాలా కాలం తర్వాత పాప ఊపిరికి సంబంధం లేని కారణంతో కొట్టుకుంది.

గబగబా సుజాతకు రాశాను. ఎడమ అంచున ఒక పాయ పడటం లేదు, అక్కడ కాస్మిక్ కిరణాల ఒత్తిడి ఎంతుందో చూడు, రేఖలు ఎటు తిరిగాయో చూడు, దేన్నీ మార్చకు, ముందు ఊరికే చూడు. ఇంకా రాయబోతుండగానే జవాబు వచ్చింది.

"చూశాం అక్కా. సరూ నేనూ పొద్దటినుంచి దానిమీదనే ఉన్నం."

రాస్తున్నది చెరిపేశాను. పాప ఫోన్‌ను వేలితో పొడిచి, మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.